గడియ లేని తలుపు
(‘బిషప్పుగారి దీపస్తంభములు’ నాటకము: దాని చరిత్ర, మేము నేర్చుకొనిన పాఠము)

మన డయోసిసు నూరు సంవత్సరములు నిండించుకొనిన ఈ శుభసమయమున వెలువడుచున్న సంచికలో దేవాలయముల కట్టడమును గూర్చి, పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చి, దైవజనుల సేవలను గూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. అవన్నియు వ్రాయదగినవే. మేము మాత్రము ఒక నాటకమును గూర్చి వ్రాయుటకు సాహసించుచున్నాము. నాటకము కట్టడము వంటిది కాదు. తెర దింపి, పెట్రోమాక్సు లైట్లు ఆర్పివేసిన తరువాత అది ఎక్కడను కనబడదు. అయినను మా పాస్టరేటులో పెద్దలను అడిగి చూడుడి. ఏ సంవత్సరము ఏ ప్రసంగము విన్నారో చెప్పలేనివారు కూడ, క్రిస్మసు రాత్రి ఆ ఖైదీ బిషప్పుగారి పాదముల చెంత కూలబడిన దృశ్యము మాత్రము నిన్న చూచినట్లు చెప్పుదురు.

ఆ నాటకము పేరు ‘బిషప్పుగారి దీపస్తంభములు’. హైస్కూలులోనో కాలేజీలోనో ఇంగ్లీషు పాఠముగా చదివినవారికి ‘ది బిషప్స్ క్యాండిల్‌స్టిక్స్’ అను ఏకాంకికగా ఇది జ్ఞాపకముండును. ఒక బిషప్పు, ఒక ఖైదీ, రెండు వెండి దీపస్తంభములు, ఒక చలికాలపు రాత్రి. కథ ఇంతే. గంటలోపుననే ముగియును. కాని ఈ చిన్న కథ మా ఊరి పందిరి క్రిందికి వచ్చుటకు ఎంత దూరము నడిచి వచ్చినదో మాలో చాలమందికి తెలియదు. తెలిసికొనిన కొలది మాకు ఆశ్చర్యము, ఆ వెనుక కొంత సిగ్గు కూడ కలిగినది. ఆ రెండింటిని దాచక ఇక్కడ వ్రాయుచున్నాము.

కథకు మూలము

ఫ్రాన్సు దేశమునకు ఆగ్నేయ దిక్కున, ఆల్ప్సు పర్వతముల చెంత, డీన్యు అను చిన్న పట్టణమున్నది. 1805లో బియెన్వెన్యు ద మియోలిస్ అను గురువు ఆ పట్టణమునకు బిషప్పుగా నియమింపబడి 1838 వరకు సేవ చేశారు. బీదలయెడల దయకును, నిరాడంబర జీవితమునకును ఆయన పేరుపొందినవారు. ఆయనను మనస్సులో ఉంచుకొనియే విక్టర్ హ్యూగో తన ‘లే మిజరాబ్ల్’ నవలలో మిరియెల్ అను బిషప్పును చిత్రించెను.

నవలలోని ఆ బిషప్పుగారి ఇంటి సంగతులు మన సంఘములవారు తెలిసికొనదగినవి. ఆయనకు ఇచ్చిన బంగళా ప్రక్కనే ఒక ఇరుకైన ఆసుపత్రి. అందులో ఇరువదియారుగురు రోగులు. బిషప్పుగారు వచ్చిన కొద్ది దినములకే ఆసుపత్రివారిని బంగళాలోనికి పంపి, తాము ఆ ఇరుకు ఇంటిలోనికి మారిరి. ప్రభుత్వము వారు సంవత్సరమునకు ఇచ్చు 15,000 ఫ్రాంకులలో స్వంతమునకు 1,000 మాత్రము ఉంచుకొని తక్కినది దానధర్మములకు వ్రాసి పెట్టిరి. ఇంటి వీధితలుపునకు పూర్వము గట్టి తాళములు, అడ్డగడియలు ఉండెడివి. వాటినన్నింటిని ఊడదీయించిరి. రాత్రియైనను పగలైనను ఆ తలుపు త్రోసినచో తెరచుకొనెడిది. ఈ తలుపు సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. మా వ్యాసమంతయు దానిని గూర్చియే.

ఇక ఖైదీ. నవలలో అతని పేరు జాన్ వాల్జాన్. చెట్ల కొమ్మలు నరుకు కూలివాడు. విధవరాలైన అక్కగారికి ఏడుగురు పిల్లలు. 1795 చలికాలమున పని లేదు, ఇంటిలో రొట్టె లేదు. అంగడి అద్దము పగులగొట్టి ఒక రొట్టె తీసెను. శిక్ష ఐదు సంవత్సరములు. నాలుగుమారులు పారిపోజూచినందున మరి పదునాలుగు సంవత్సరములు కలిసినవి. ఒక రొట్టెకు మొత్తము పందొమ్మిది సంవత్సరములు! 1815లో అతడు బయటికి వచ్చెను.

ఇది హ్యూగో కేవలము ఊహించి వ్రాసినది కాదు. వాల్జాన్ ఉన్న తూలోను చెరసాల నిజమైనది. 1748 నుండి 1873 వరకు అది నడిచినది. ఓడల రేవులో కాళ్లకు ఇనుప గొలుసులతో ఖైదీలు బరువులు మోసెడివారు. 1832లో ఆ పద్ధతి మానివేయువరకు ఖైదీల భుజము మీద కాల్చిన ఇనుముతో అక్షరములు వేసెడివారు. హ్యూగో 1839లో స్వయముగా ఆ తూలోనుకు వెళ్లి చూచెను. అంతకు పూర్వమే, 1829లో, ఉరిశిక్ష పడిన మనుష్యుని ఆఖరి దినమును గూర్చి ఒక పుస్తకము వ్రాసియుండెను. 1834లో మరియొక ఖైదీ కథ వ్రాసెను. ముప్పది సంవత్సరములకు పైగా ఈ బాధ ఆయన గుండెలో నానుచు ఉండినది.

విడుదలైనవానికి ఆ దినములలో పసుపుపచ్చ కాగితము ఒకటి ఇచ్చెడివారు. ఎక్కడికి పోయినను దానిని చూపవలెను. అది చూపినంతనే పూటకూళ్ల ఇంటివాడు వెళ్లగొట్టును, పనియిచ్చువాడు కూలి తగ్గించును. నవలలో వాల్జాన్ ఆ రాత్రి ఊరంతయు తిరుగును. డబ్బు ఇచ్చెదనన్నను అన్నము పెట్టువారు లేరు. తుదకు జైలు తలుపు తట్టి రాత్రికి పడుకొననిమ్మన్నను, అరెస్టు చేయబడి రమ్మందురు. కుక్కగూటిలోనికి దూరబోగా కుక్క తరిమివేయును. అప్పుడొక స్త్రీ బిషప్పుగారి ఇల్లు చూపును.

ఇంటివారే ఒప్పుకొనని బిషప్పు

ఈ గ్రంథము 1862లో వెలువడినది. అప్పటికి హ్యూగో స్వదేశము విడిచి గెర్న్సీ అను దీవిలో ప్రవాసియై ఉండెను. ఇక్కడొక విచిత్రమున్నది. ఇంత పరిశుద్ధుడైన బిషప్పును కథలో పెట్టుట హ్యూగో కుమారుడు చార్లెస్‌కు నచ్చలేదు. గురువులను అంత గొప్పగా చూపనేల, ఆ స్థానములో ఒక వైద్యునివంటి వానిని పెట్టరాదా అని అతని అభ్యంతరము. తండ్రి ఒప్పుకొనలేదు. నిజమైన గురువు ఎట్లుండవలెనో చూపుటకన్న, అట్లు లేని గురువులకు పెద్ద చురక వేరొకటి ఉండదని ఆయన భావము. ఆ చురక తగులవలసిన చోట తగిలినట్లే ఉన్నది. 1864లో రోమా సంఘాధికారులు ఈ గ్రంథమును చదువకూడని పుస్తకముల పట్టికలో చేర్చిరి.

అభ్యంతరము చెప్పిన ఆ చార్లెస్సే తరువాత దీనిని నాటకముగా మలచినవాడు. ఫ్రాన్సులో ఆడుటకు ప్రభుత్వము సెలవీయనందున 1863 జనవరిలో బెల్జియము దేశపు రాజధాని బ్రస్సెల్సులో మొదట ఆడిరి. పారిసు ప్రజలు దానిని రంగస్థలము మీద చూచుటకు 1878 వరకు కనిపెట్టవలసి వచ్చెను. ఈ కథ దొరతనమువారిచేతను, సంఘాధికారుల చేతను త్రోసివేయబడి, పొరుగు దేశమున తల దాచుకొనినదన్నమాట. ఖైదీకి పట్టిన గతియే ఖైదీ కథకును పట్టినది.

1901: ఏకాంకిక

మనము ఎరిగిన చిన్న నాటకము వ్రాసినవారు నార్మన్ మెక్కిన్నెల్. 1870లో పుట్టి 1932లో చనిపోయిన స్కాట్లండు దేశస్థుడు. వృత్తిచేత నటుడు. కనుకనే రంగస్థలము మీద ఏది నిలుచునో ఏది నిలువదో ఆయనకు బాగుగా తెలియును. 1901లో లండనులోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటరులో ఇది మొదట ఆడబడినది. అంత పెద్ద నవలలో నుండి కొద్ది పుటలు మాత్రము తీసికొని, వంటింటిలో ఒక రాత్రి జరిగిన సంగతిగా కుదించెను. పాత్రలు కొద్ది: బిషప్పు, ఆయన సహోదరి పెర్సోమె, పనిపిల్ల మేరీ, ఖైదీ, సార్జెంటు, అతని వెంట పోలీసులు.

నాటకము ఆరంభములోనే పెర్సోమె కోపముగా ఉండును. ఒక ముసలమ్మ అద్దె బాకీ తీర్చుటకు బిషప్పుగారు ఇంటిలోని వెండి ఉప్పుగిన్నెలు అమ్మివేసిరి. ఇక మిగిలినవి దీపస్తంభములు మాత్రమే. అవి తల్లిగారు చనిపోవునప్పుడు ఇచ్చినవి. ఆ ఒక్కదానియందు మాత్రము బిషప్పుగారికి మమకారము. అందరును పడుకొన పోయిన తరువాత కత్తి చేతబట్టుకొని ఖైదీ లోపలికి వచ్చును. బిషప్పుగారు బెదరక అన్నము పెట్టింతురు. తినుచు అతడు తన కథ చెప్పును. జబ్బుపడిన భార్య, పని లేదు, దొంగతనము, పది సంవత్సరముల నరకము, పేరు పోయి నంబరు మిగులుట. బిషప్పుగారు అతనిని అక్కడనే పడుకొమ్మని చెప్పి లోపలికి పోయినంతనే, అతడు దీపస్తంభములు తీసికొని పారిపోవును. సార్జెంటు పట్టుకొని తెచ్చును. అవి నేనే ఇచ్చితినని బిషప్పుగారు చెప్పుదురు. పోలీసులు పోయిన తరువాత రాయివంటి ఆ మనుష్యుడు కరగిపోవును. అడవిత్రోవన పారిసుకు పోవు దారి చూపి, దీపస్తంభములు మరల అతని చేతిలోనే పెట్టి, బిషప్పుగారు సాగనంపుదురు.

నవలకును నాటకమునకును భేదములు గలవు. నవలలో అతడు శిక్ష ముగించుకొని వచ్చినవాడు, నాటకములో పారిపోయి వచ్చినవాడు. అక్కడ అక్కగారి పిల్లల కొరకు రొట్టె, ఇక్కడ భార్య కొరకు దొంగతనము. అక్కడ దీపస్తంభములు ముత్తవ్వ వంటి పెద్దామె ఇచ్చినవి, ఇక్కడ తల్లి ఇచ్చినవి. అక్కడ దొంగిలించినది వెండి చెంచాలు మున్నగు సామాను. దీపస్తంభములు అతడు ముట్టనే లేదు, పట్టుబడి వచ్చిన తరువాత బిషప్పుగారే వాటిని కూడ తెచ్చి, ఇవి మరచిపోతివేమని చేతిలో పెట్టుదురు. ఇన్నిటికంటె పెద్ద భేదము ఒకటున్నది. నవలలో వాల్జాన్ ఆ ఉదయముననే మారిపోడు. దారిలో ఒక చిన్న పిల్లవాని నలుబది సూల నాణెము కాలి క్రింద త్రొక్కిపెట్టి, పిల్లవానిని తరిమివేయును. ఆ తరువాతనే తానేమి చేసెనో తెలిసి వెక్కివెక్కి ఏడ్చును. నాటకములో దానికి చోటులేదు.

మేము తొలిదినములలో ఈ భేదములు ఎరుగము. తెలిసిన తరువాత, నాటకము మాత్రము చూచి రక్షణ ఒక్క గడియలో పూర్తియగునని అనుకొనరాదని మాకు తోచినది. క్షమాపణ ఒక్క రాత్రిలో ఇయ్యవచ్చును. అది పుచ్చుకొనుటకు కొందరికి చాల కాలము పట్టును. వాల్జాన్‌కు జీవితమంతయు పట్టినది. నవల చివర అతడు చనిపోవుచున్నప్పుడు వెలుగుచున్నవి ఆ రెండు దీపస్తంభములే.

మన దేశమునకు రాక

ఈ కథ తరువాత ఎన్నో రూపములు దాల్చినది. 1929లో, మాటలాడు చిత్రములు వచ్చిన క్రొత్తలో, వాల్టర్ హ్యూస్టన్ అను నటుడు ఖైదీగా ఈ ఏకాంకిక పొట్టి చిత్రముగా వచ్చినది. 1980లో పారిసులో నవల సంగీత నాటకమైనది. 1985 అక్టోబరులో లండనులో ఇంగ్లీషున ఆరంభమై దేశదేశములు తిరిగినది. లండనులో వాల్జాన్‌గా పాడిన కోమ్ విల్కిన్సన్, 2012లో వచ్చిన చలనచిత్రములో బిషప్పుగా నటించిరి. ఒకప్పుడు క్షమింపబడినవాడే పెద్దవాడై క్షమించువాడుగా నిలుచుట మాకు ఎంతో అర్థవంతముగా కనబడినది.

తెలుగువారికి ఈ కథను సినిమా మూలముగా దగ్గర చేసినవారు చిత్తూరు నాగయ్యగారు. 1950లో వచ్చిన ‘బీదలపాట్లు’ చిత్రములో ఆయన ఖైదీ పాత్ర ధరించిరి. తమిళములో కూడ అదే సంవత్సరము ‘ఏళై పడుం పాడు’గా వచ్చినది. తిరిగి 1972లో అక్కినేని నాగేశ్వరరావుగారితో విఠలాచార్యగారు ‘బీదలపాట్లు’ తీసిరి. కాని సినిమా రాకముందును, వచ్చిన తరువాతను, మిషను పాఠశాలలలోను బోర్డింగులలోను ఈ కథ బ్రతికినది ఏకాంకికగానే. ఆడవేషములు తక్కువ, రంగము ఒకటే, ఖర్చు స్వల్పము, నీతి గొప్పది. బోర్డింగు డ్రామాకు ఇంకేమి కావలెను?

మా పాస్టరేటులో

ఏలూరుకు దిగువన, కాలువ గట్టున ఉన్న మా గ్రామములో మా యువజన సమాజము ఈ నాటకమును మొదట 1964 క్రిస్మసుకు ఆడినది. ఇంగ్లీషు మాష్టారు ఒకరు నోటుబుక్కులో తెలుగు చేసి ఇచ్చిరి. గుడి బల్ల మీది ఇత్తడి దీపస్తంభములకు సిగరెట్టు పెట్టెల వెండికాగితము అంటించి వెండివిగా చేసితిమి. ఖైదీ కాలికి ఎద్దు గొలుసు. సార్జెంటుకు, పోలీసులకు ఊరి పోలీసుస్టేషను నుండి టోపీలు ఎరువు తెచ్చితిమి. సూపు అనగా ఎవరికి తెలియును? గంజి అంటిమి. పెర్సోమె అక్కగారైనది.

మాష్టారు చేసిన తెలుగులో ఒక విశేషమున్నది. ఇంగ్లీషులో ఎవరిని పిలిచినను ఒకటే మాట. మన భాషలో అట్లు కాదు. ఖైదీ లోపలికి వచ్చినప్పుడు బిషప్పుగారిని ‘ఒరే ముసలోడా’ అని పిలుచును. గంజి త్రాగిన తరువాత ‘నువ్వు’ అనును. పోలీసులు పోయిన తరువాత మొదటిసారి ‘అయ్యగారూ, మీరు’ అనును. ఆ ఒక్క ‘మీరు’ వద్ద పందిరిలో ఆడవారు కొంగులతో కన్నులు తుడుచుకొనెడివారు. బిషప్పుగారు మాత్రము మొదటినుండి చివరివరకు అతనిని ‘నాయనా’ అనియే పిలుచుదురు. కత్తి చూపినప్పుడు అదే మాట, దొంగగా దొరికినప్పుడు అదే మాట, కాళ్ల మీద పడినప్పుడు అదే మాట. మారినది ఖైదీ పిలుపు, బిషప్పుగారిది కాదు. నాటకములోని ఉపదేశమంతయు ఆ రెండు పిలుపులలో ఉన్నదని మాష్టారు చెప్పెడివారు. ప్రసంగములకన్న అది మాకు బాగుగా అర్థమైనది, లేక అర్థమైనదని అనుకొంటిమి.

వడ్రంగి

1983లో జరిగిన సంగతి చెప్పవలసియున్నది. మా సంఘమునకు ఇది గౌరవము తెచ్చునది కాదు. అయినను శతాబ్ది సంచికలో మంచి మాత్రమే వ్రాసినచో అది చరిత్ర కాదు.

ఆ సంవత్సరము నవంబరులో, రాజమండ్రి సెంట్రలు జైలులో ఎనిమిది సంవత్సరములుండి విడుదలైన ఒక మనుష్యుడు మా ప్రక్క గ్రామమునకు వచ్చెను. నేరమేమిటో ఇక్కడ అప్రస్తుతము. తల్లి చనిపోయినది. అన్నదమ్ములు ఇంటిలోనికి రానీయలేదు. సాయంకాలపు ఆరాధనకు వచ్చి వెనుక చాప మీద, చెప్పుల దగ్గర కూర్చుండెడివాడు. జైలులో వడ్రంగము నేర్చుకొనెనని తెలిసి మా అయ్యగారు అతనికి పని చెప్పిరి. అప్పటివరకు మా రంగస్థలము మీద తలుపనగా గుడ్డతెర. ఈ తడవ నిజమైన కొయ్య తలుపు చేయుమన్నారు.

అతడు రిహార్సలు జరుగు చోటనే కూర్చుండి రంపము కోయుచు మా నాటకము వినెడివాడు. ఒక రాత్రి, ఎట్లున్నదని అడిగితిమి.

“బాగానే ఉందండి. గానీ ఆయన అట్లా తినడండి” అని ఖైదీ వేషము వేసిన కుఱ్ఱవానిని చూపెను. “జైల్లో తిన్నోడు పళ్లెం చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని తింటాడండి. పక్కోడు లాక్కుంటాడని. బయటికొచ్చాక కూడా ఆ చెయ్యి తియ్యబుద్ధి కాదండి.”

ఆ మాట విన్న తరువాత మా కుఱ్ఱవాడు అట్లే తినుట నేర్చుకొనెను. తలుపు పూర్తియైన నాడు అతడు అయ్యగారిని అడిగెను.

“గడియ లోపల పెట్టమంటారా, బయట పెట్టమంటారా అండి?”

“ఈ ఇంటికి గడియ లేదు నాయనా” అని అయ్యగారు చెప్పిరి.

అతడు కొంతసేపు తలుపును చేతితో తడుముచు నిలిచెను. “ఎనిమిదేళ్లు గడియ బయటేసిన తలుపే చూశానండి” అని మాత్రము అనెను.

క్రిస్మసు రాత్రి వచ్చినది. నాటకమునకు ముందు, చీకటి పడుచుండగా, మా కమిటీవారు వెస్ట్రీలోని ప్రభురాత్రి భోజనపు పాత్రలను, చందా పెట్టెను బుట్టలో పెట్టి పైన తువ్వాలు కప్పి ఒకరి ఇంటికి చేర్చిరి. ఎన్నో సంవత్సరములుగా ఆ పాత్రలు ఆ బీరువాలోనే ఉండెడివి. ఆ రాత్రి మాత్రము ఎందుకు తీసికొనిపోయిరో ఎవరు చెప్పకపోయినను అందరికిని తెలియును. మేమును ఎరుగుదుము. మాలో ఎవరును వద్దనలేదు. జాగ్రత్త మంచిదే అనుకొంటిమి. ఆ బుట్ట గుడి వాకిలి దాటుచుండగా, తలుపును భుజము మీద మోసికొని అతడు ఎదురు వచ్చెను. తువ్వాలు క్రింద ఏమున్నదో అతనికి తెలిసినది. ప్రక్కకు జరిగి దారి ఇచ్చెను.

నాటకము ఆ సంవత్సరము ఆడినంత బాగుగా ఎన్నడును ఆడలేదు. జనము ఏడ్చిరి. ఖైదీ వేషము వేసిన కుఱ్ఱవానిని కౌగిలించుకొనిరి. ఎవరో అతనికి రొక్కపు బహుమతి చదివించిరి. ప్రేమవిందులో విస్తళ్లు వేసిన తరువాత అయ్యగారు వడ్రంగి కొరకు చూచిరి. అతడు లేడు. రంగస్థలము మీద తలుపు ఉన్నది. రెండు దినముల కూలి కూడ తీసికొనలేదు.

అయ్యగారు మరుసటి నెలలో బస్సు మీద రెండుమారులు పోయి వెదకి, రెండవమారు ఒక పట్టణములోని కొయ్యల అడితీలో అతనిని చూచి కూలి ఇచ్చిరి. అతడు నమస్కారము చేసి తీసికొనెను. తిరిగి రమ్మన్నారు. చిరునవ్వు నవ్వి, పని ఉన్నదని చెప్పెను. ఆ తరువాత అతడు ఆ అడితీలోనే చాల సంవత్సరములు నమ్మకముగా పనిచేసెనని, ఇల్లు కట్టుకొనెనని వింటిమి. మా నమ్మకము వలన అతడు నిలువలేదు. మా నమ్మకము లేకయే నిలిచెను. దేవుడు అతనిని మా చేతిలో పెట్టి చూచి, మా చేయి చాలదని వేరొక చేతికి అప్పగించెనని మా అయ్యగారు చాలకాలమునకు గాని మాతో అనలేదు.

నాటకము అడుగుచున్న ప్రశ్న

ఈ చరిత్రను మొదటినుండి మరల తలచుకొనినప్పుడు మాకు తోచినదేమనగా, మేము ఇరువది సంవత్సరములు ఈ నాటకమును తప్పు చోట నొక్కి ఆడితిమి. దీపస్తంభములిచ్చుట గొప్ప త్యాగమని దానిమీదనే లైటు వేసితిమి. దానము గొప్పదే. కాని దానము చేయుటకు ముందే బిషప్పుగారు మరియొక పని చేసియున్నారు. అది తలుపునకు గడియ తీసివేయుట. ఖైదీ మంచివాడని తెలిసి తీసినది కాదు. అతడు వచ్చునని తెలియకముందే తీసినది. అతడు పశ్చాత్తాపపడిన తరువాత నమ్మలేదు. నమ్మినందున అతడు పశ్చాత్తాపపడెను. ఈ వరుస తారుమారైనచో నాటకము లేదు. సువార్తయు లేదు.

చెరసాలలో ఉన్నవానిని చూడవచ్చుటను ప్రభువు తన్ను చూడవచ్చుటగానే ఎంచెను. మత్తయి సువార్త 25వ అధ్యాయము మనమందరము చదివినదే. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో ఉన్నప్పుడు తలుపులు తెరచుకొనినను వారు పారిపోలేదు. ఆ రాత్రియే చెరసాల నాయకుడు వారి గాయములు కడిగి తన ఇంట భోజనము పెట్టెను. ఒనేసిమును చేర్చుకొనుమని పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక కూడ చెరలో నుండి వ్రాసినదే. ఇవన్నియు మన సండేస్కూలు పిల్లలకు కంఠస్థము. వారికి కంఠస్థమైనది పెద్దలమైన మాకు ఆ సాయంకాలము జ్ఞాపకము రాలేదు.

నేడు భుజము మీద కాల్చి అక్షరములు వేయువారు లేరు. పసుపుపచ్చ కాగితము లేదు. కాని జైలునుండి వచ్చినవాడు పనికి పోయినచో నడవడి సర్టిఫికెట్టు అడుగుదురు, అద్దెకు ఇల్లు అడిగినచో ఊరు పేరు అడుగుదురు. అతని బిడ్డకు సంబంధము చూచువారు ముందుగా ఆరా తీయునది అదే. కాగితము రంగు మాత్రము మారినది. శిక్ష విధించుట న్యాయస్థానము పని. శిక్ష ముగిసిన తరువాత ఆ మనుష్యునికి పేరు తిరిగి ఇచ్చుట ఎవరి పని? న్యాయస్థానము అది చేయలేదు. పొరుగువారు చేయవలెను, సంఘము చేయవలెను.

1984 నుండి మా యువజన సమాజము ఒక నియమము పెట్టుకొనినది. నాటకము ఆడిన రాత్రి వచ్చిన చందాతో విడుదలైన ఎవరికైనను పనిముట్లు కొని ఇచ్చుట. రంపము, కుట్టుమిషను, ఒకసారి తోపుడుబండి. పెద్ద సొమ్ము కాదు. ఇచ్చినవారిలో అందరును నిలువలేదు. ఒకరు ఇచ్చిన మిషను అమ్ముకొని పోయిరి. అప్పుడు మా కమిటీలో ఒకరు, ఇక మానుదమా అని అడిగిరి. నలుబది సూల నాణెము కథ తెలిసిన వృద్ధ మాష్టారు, “వాడు ఇంకా దారిలోనే ఉన్నాడు, కానిండి” అని మాత్రము అనిరి. మానలేదు.

ఆ వడ్రంగి చేసిన తలుపు చాల సంవత్సరములు మా డ్రామా సామాను గదిలో ఉన్నది. చెదలు పట్టి పోవువరకు ప్రతి క్రిస్మసుకు దానినే నిలిపితిమి. నాటకమునకు ముందు పాత్రలను బీరువాలోనుండి తీయు అలవాటు మాత్రము ఆ సంవత్సరముతోనే పోయినది.

మన డయోసిసు రెండవ శతాబ్దములో అడుగు పెట్టుచున్నది. ఈ నూరేండ్లలో పితరులు కట్టి ఇచ్చిన గుడులు ఎన్నో ఉన్నవి, వాటికి తలుపులు బలమైనవి. రాబోవు నూరేండ్లలో వాటిని ఎవరైనను త్రోసి చూచినప్పుడు అవి తెరచుకొనును గాక. లోపల ఉన్న మనము వచ్చినవానిని ‘నాయనా’ అని పిలుచుదుము గాక. అతడు మనలను ఏమని పిలిచినను సరే.